సరంగు పదోన్నతి వద్దని ఖలాసీ సత్యవేదం మనవి

పడవల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాకు మంజూరైన సరంగు పదోన్నతిని దయతో రద్దు చేయుట గురించి.

డైరీ ఫార్మ్ పేట నివాసి, చాతం రేవు పడవలో పదహారేళ్లుగా తాడు విసిరే ఖలాసీ సత్యవేదం నివేదించునది. సోమవారం నుండి నేనే పడవ నడపవలెనని ఉత్తర్వు అందినది. హిందీలో రాసినచో క్లర్కు వీరేంద్ర మొదలు ఆఫీసంతా చదువుదురు. తమరు తెలుగువారు గనుక తెలుగులో రాయించుచున్నాను.

1. నిద్ర పట్టక, పది రోజులకని డాక్టరమ్మ రాసిన మాత్రలను అదే చీటీ చూపుతూ పదకొండు నెలలుగా మింగుచున్నాను. తప్పు నాదే.

2. ఈ మాత్ర మెదడుకు బ్రేకు వంటిదని, ఆ బ్రేకు చేతికీ కంటికీ మాటకీ కూడా పడునని డాక్టరమ్మ గత వారం చెప్పినారు. నిజమే. సరంగు గోవిందు "తాడెయ్" అన్నది చెవికి వెంటనే చేరును, చేతికి తీరికగా చేరును. "ఏటి భయ్యా, సో గయా క్యా?" అని, నిద్రపోతివా అన్నట్టు, ఆయన రోజూ అడుగుచున్నారు.

3. పదోన్నతి సంతోషమున మిత్రులు రమ్ము పోయబోగా వద్దంటిని. మాత్ర మీద రమ్ము పడితే ఊపిరి మెల్లబడి ఆగిపోవచ్చునట. మిత్రులు అలిగిరి.

4. గత మంగళవారం నా తాడు ఆలస్యమై పడవ జెట్టీకి గుద్దుకోబోయెను. అందరూ కేకలు వేసిరి. నాకు మాత్రం ఎంతో ప్రశాంతముగా ఉండెను. అయ్యా, ఆ పడవలో మా అమ్మాయి టీనా ఉంది. అవతలి ఒడ్డున బడిలో టీచరు. పిల్లని చూస్తూనే ఉన్నాను, గుండె అదరలేదు. అలాంటివాడి చేతికి చుక్కాని ఇవ్వకండి.

5. మాత్రలు ఒక్కసారిగా మానితే ఫిట్లు వచ్చునట. కొద్దికొద్దిగా తగ్గించుటకు నాలుగు నెలలు పట్టును. అందాక ఒడ్డు మీద ఏ పనైనా ఇప్పించవలెను. ఊడ్చమన్నా ఊడ్చెదను.

ఇవి నా సంగతులు. తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సత్యవేదం

తా.క.: అయ్యగారికి, ఈయన భార్య ప్రేమావతి రాసేది. ఈయనకి తెలుగు మాట్లాడ్డమే గాని రాయడం రాదు. చెబుతుంటే నేను రాశాను. మాత్రల సంగతి నాకు ఒకటో నంబరు రాస్తుంటేనే తెలిసింది. మార్చిలో మా అమ్మ పోతే ఈయన కంట చుక్క నీరు రాలేదు. సమాధి దగ్గర ఊరికే నిలబడ్డారు. రాతిగుండె అనుకుని అప్పట్నుంచీ మాట మానేశాను. ఈ అర్జీ కోసమే మళ్ళీ మాట కలిసింది. నాలుగో నంబరు దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి, మన్నించండి. ఐదోది చెబుతూ ఈయన కుర్చీలోనే నిద్రపోయారు. లేపి సంతకం పెట్టించాను. నాలుగు నెలలయ్యాక అమ్మ సమాధి దగ్గరికి మళ్ళీ తీసుకెళ్తాను. అక్కడ ఏడిస్తే తమకి కబురు చేస్తాను. అప్పుడు పడవ ఇవ్వండి.