ఆపగలిగిన బంతి

బాలిరెడ్డి మామకు నమస్కారం.

నేరుగా జమ్మలమడుగు వచ్చి చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను. ఫుట్‌బాల్ ఫైనల్లో నేను కొట్టిన పెనాల్టీని ఆపలేదని ఓబులేసును మీ జట్టులోంచి తీసేశారని విన్నాను. తప్పు వాడిది కాదు.

ఎప్పుడో కోల్‌కతా క్లబ్బుల్లో ఆడినవాణ్ణని, నలభై నాలుగేళ్ల వయసులో నన్ను మా ప్రొద్దుటూరు జట్టులో దించారు. "పెద్ద పెద్ద స్టార్లు ఆఖర్లో అమెరికా పోయి ఆడతాండారు, మన స్టారు మాత్రం మన గడ్డ మీదనే ఆడతాండాడప్పా" అని మైకులో చెప్పింది మీరూ వినే ఉంటారు. ఆ మాట చీటీ మీద రాసిచ్చింది నేనే.

పెనాల్టీకి ముందు ఓబులేసు గోలు వదిలి వచ్చి నా కాళ్లకు మొక్కాడు. సెలవులకు మీ ఊరు వచ్చినప్పుడల్లా వాడికి ఆట నేర్పింది నేను. బంతినే చూడాలి, కొట్టేవాడి మొహం చూడొద్దని నేర్పాను. ఆ రోజు నా మోకాలు అప్పటికే పట్టేసింది. తన్నితే బంతి పాకుతూ పోయింది. వాడు నా మొహం చూసి, కావాలనే అవతలి పక్కకు దూకాడు.

నాకు తెలుసు. తెలిసే చేతులెత్తి మైదానమంతా తిరిగాను. "నిద్రపోతాండావా ఏందిరా?" అని మీవాళ్లు వాణ్ణి తిడుతుంటే, మెడలో దండతో పక్కనే నిలబడి విన్నాను.

ఈ ఉత్తరం మీ జట్టు ముందర చదివించండి. ఓబులేసును మాత్రం ఏమీ అడగకండి. అడిగితే వాడు, "బంతి శానా స్పీడుగా వచ్చింది మామా" అంటాడు.