లీవులో ఉన్న ప్రెసిడెంటు

4 జూన్ 1976, శుక్రవారం. ఖురం క్యాంప్

షరీఫ్ భాయ్ వెళ్లిపోయాడు. మా మెస్ ప్రెసిడెంటు. ట్యాంకర్‌లో ఉప్పు నీళ్లొస్తున్నాయి, మీఠా పానీ, అంటే తాగే మంచినీళ్లు కావాలని ఆఫీసులో అడిగాడు. వారం తిరక్కుండా పాస్‌పోర్టు చేతిలో పెట్టి ఫ్లైట్ ఎక్కించారు. పని తగ్గిందట.

ఈ గల్ఫ్ క్యాంప్‌లో పార్టీలు రెండు. కేరళ పార్టీ, ఆంధ్రా పార్టీ. ఒక ఏడాది వాళ్ల ప్రెసిడెంటు, ఒక ఏడాది మాది. ఈ ఏడాది మా వంతు కాబట్టి మిగిలిన నెలలకి పేరు మేమే పంపాలి. ఎవరు పనికొస్తారో చూసి చెప్పే పని నాకు అప్పగించారు. గంగన్న స్టోర్ కీపర్, సరుకు చూడంగనే చెప్తడు, మనిషిని చూసి చెప్పలేడా అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

7 జూన్

సర్దార్. క్రేన్ ఆపరేటర్, హైదరాబాద్ వాడు. ఉర్దూలో క్యాంప్ బాస్ ఎహసాన్ సాబ్‌తో సమంగా మాట్లాడగలడు. కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. పోయిన నెల పప్పులో రాయి వచ్చిందని వంటవాడి మీదికి గరిటె విసిరాడు. ఇలాంటివాణ్ని ఆఫీసుకి పంపితే వారం కూడా ఆగరు, ఆ సాయంత్రమే ఫ్లైట్.

అడిగి చూశాను. అమ్మ చాంద్ బీకి కంటి ఆపరేషన్ ఉంది, ఇప్పుడు నన్ను ఇరికించకు భాయ్ అన్నాడు. మొదటిసారి వాడి గొంతు మెత్తగా విన్నాను.

9 జూన్

ఇస్తారి. స్టీల్ ఫిట్టర్. క్యాంప్ అంతా నమ్మే మనిషి. మాట్లాడమంటే మాత్రం చెవి గోక్కుంటాడు. ప్రెసిడెంటు సంగతి ఎత్తగానే గోక్కోవడం మొదలుపెట్టాడు, నేను లేచొచ్చేదాకా ఆపలేదు.

11 జూన్, శుక్రవారం

మా రూమ్‌లో ఉండే పోచన్నకి మళ్లీ నడుం నొప్పి. మూత్రంలో రక్తం. ఈ నీళ్లకి కిడ్నీలో రాళ్లు పడ్డాయని అందరికీ తెలుసు. డ్యూటీ ఎగ్గొట్టడానికి నాటకమని ఆఫీసు వాళ్లంటారు. ప్రెసిడెంటు వెళ్లి గట్టిగా చెబితే తప్ప ఆసుపత్రికి బండి ఇవ్వరు.

అన్నం దగ్గర ఎవరో అన్నారు, గంగన్నకి ఇంగ్లిష్ వస్తది, టైపింగ్ వస్తది, ఇంకెవరెందుకు అని. ఒక్కొక్కరే తల తిప్పి నన్ను చూశారు. ఊళ్లో ఇంటికి గోడలు లేచాయి, స్లాబ్ పడలేదు. ఇప్పుడు నన్ను పంపిస్తే ఆ గోడల మధ్య వాన చూస్తూ కూర్చోవాలి.

12 జూన్

స్టోర్‌లో మేకులు అడిగితే బోల్టులు ఇచ్చాను.

14 జూన్

దొరికాడు. దేవయ్య! కార్పెంటర్, పెద్దమనిషి. మే నుంచి లీవులో ఉన్నాడు, ఆగస్టు దాకా రాడు. లేని మనిషిని ఎవడు ఫ్లైట్ ఎక్కిస్తాడు? ఆయన వచ్చేసరికి ఎండలు తగ్గుతాయి, నీళ్ల గొడవా చల్లబడుతుంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

18 జూన్, శుక్రవారం

దేవయ్య పేరు చెప్పగానే అందరూ చెయ్యెత్తారు. సర్దార్ రెండు చేతులూ ఎత్తాడు. పక్క మంచం మీద పోచన్న మూలుగుతున్నాడు, వాడు ఎత్తలేదు. ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితం నేనే టైప్ చేశాను. రేపు ఇస్తాను, ఎల్లుండి ఇస్తాను అనుకుంటూ డ్రాయర్‌లోనే ఉంచాను. ఎందుకో చెప్పలేను.

25 జూన్, శుక్రవారం

దేవయ్య వచ్చేశాడు.

లీవుకెళ్లినవాడు రూమ్‌లో అందరి ఇళ్లకీ వెళ్లి రావాలి, అది మా కట్టుబాటు. చాలామంది రెండు మూడు ఇళ్లు తిరిగి మానేస్తారు. ఈయన బస్సుల్లో, బస్సు లేని చోట నడిచి, అన్ని ఇళ్లూ తిరిగాడు. పోచన్న ఇంట్లో యాదవ్వ మొగుడి నొప్పి గురించి చెప్పుకుని ఏడ్చిందట. వాళ్ల చేలో ఉలవలు మూటగట్టిందట, వీటి కషాయం తాగించు బావా అని. అందుకే ఈయన లీవు మధ్యలో వదిలేసి వచ్చాడు.

పెట్టె విప్పి ఎవరి పొట్లం వాళ్లకిచ్చాడు. నాకు మామిడికాయ తొక్కు డబ్బా. నా భార్య శాంతవ్వ పంపింది.

ప్రెసిడెంటు అయ్యావని ఎవరో చెప్పేశారు. ఆయనకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను లేకున్నా నన్నే అనుకున్నరా తమ్మీ అన్నాడు. పొద్దున్నే ఆఫీసుకు పోతా, నీళ్లు అడుగుతా అన్నాడు. షరీఫ్ ఏమయ్యాడో ఆయనకి తెలియదు. ఎవ్వరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తొక్కు డబ్బా మూత తియ్యబుద్ధి కాలేదు.

26 జూన్, ఉదయం 5

దేవయ్యని లేపి అంతా చెప్పాను. షరీఫ్ సంగతి, నా ఎత్తు సంగతి. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తిడితే బాగుండేది. అయినా పోచన్న కోసం ఎవరో ఒకరు పోవాల్నాయె అని చొక్కా తొడుక్కున్నాడు. పేరు కాగితం నా దగ్గరుంది, అది తెస్తాను, నువ్వు చాయ్ తాగు అన్నాను.

26 జూన్, ఉదయం 8

డ్రాయర్‌లోది చింపేశాను. కొత్తది టైప్ చేసి ఒక్కణ్నే వెళ్లాను. ఎహసాన్ సాబ్ చదివి, ప్రెసిడెంటు నువ్వా అని అడిగాడు. నేనే అన్నాను. నీళ్లు అడిగాను. పోచన్నకి బండి అడిగాను. బండి ఇచ్చాడు. నీళ్ల మాట దగ్గర కాగితంలో నా పేరు కింద గీత గీశాడు.

6 జూలై. సీబ్ ఎయిర్‌పోర్టు

పని తగ్గిందట. పోచన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు, నొప్పి తగ్గింది. వచ్చే దారిలో మా క్యాంప్ వైపు ఒక ట్యాంకర్ తిరిగింది. అందులో ఏ నీళ్లో తెలియదు. కొత్త ప్రెసిడెంటుగా నేనుంటానని దేవయ్య తనే చెయ్యెత్తాడు. తొక్కు డబ్బా ఆయనకే ఇచ్చేశాను. ఎట్లుందని శాంతవ్వ అడిగితే, బాగుందనే చెప్తాను.