పదకొండో ఘంటకు ఒక అక్షరం ఎక్కువ

యొషినో కొండలు,
ఫిబ్రవరి 11

ఒసాకా నగరంలోని హగి ఆటల సంస్థ, పాత ఆటల విభాగపు అధికారి గారికి కురమోచి సెయ్‌గన్ నమస్కరించి వ్రాయునది.

ఉత్తరానికి ముందు సందర్భం చెప్పడం మర్యాద గనుక చెబుతున్నాను. ఈ ఉత్తరానికి సందర్భం ఒక పునర్జన్మ. ముప్పై ఏడేళ్ళ క్రితం మీ సంస్థ తయారుచేసిన ‘పన్నెండు ఘంటల కొండ’ అనే వీడియో గేమును ఈ ఏప్రిల్‌లో కొత్త యంత్రంలోకి తీసుకువస్తున్నారని పత్రికలో చదివాను. పాత దేహం విడిచి కొత్త దేహంలో ప్రవేశించడం సామాన్య విషయం కాదు. శాస్త్రాలు దాన్ని గురించి విస్తారంగా చెప్పాయి. నేను గ్రహించిన సారం మాత్రం ఒక్కటే: వెనకటి జన్మలోని తప్పును ఈ జన్మలోనైనా దిద్దుకోవాలి. ఆ తప్పు ఎక్కడుందో తెలియజేయడానికే ఈ ప్రయత్నం.

నా వయసు ఎనభై ఒకటి. ఈ కొండ ఊళ్ళోని బౌద్ధాలయానికి నలభై ఏళ్ళు పెద్దగా ఉండి విశ్రాంతి తీసుకున్నాను. ప్రాచీన కవిత్వం బోధించడం నా రెండో వృత్తి. ఆదివారాలు ఆలయానికి వచ్చే పిల్లల కోసం అప్పట్లో మీ ఆట కొన్నాను. వాళ్ళు వారం తిరక్కుండా దాన్ని వదిలేశారు. ఈ కాలపు పిల్లలకు ఓపిక తక్కువ. నేను వదల్లేదు.

మీకు తెలియనిది కాదు గాని, చెప్పే క్రమంలో చెబుతున్నాను. కొండ మీద పన్నెండు ద్వారాలు, ద్వారానికొక ఘంట, ఘంట పక్కన రాతి మీద ఒక పద్యం. పద్యంలో ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు ఘంట కొట్టాలి, అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. మన ప్రాచీన ఛందస్సులో ఐదు, ఏడు, ఐదు, ఏడు, ఏడు, వెరసి ముప్పై ఒక్క అక్షరాలు. పది ద్వారాలు ముప్పై ఒక్కేసి దెబ్బలతో దాటాను. పదకొండో పద్యం భావం సామాన్యం: మంచు దారిన వెనుక ఇంకా ఎవరో వస్తున్నారు, వారి కోసమూ ఒక మోత మిగలనీ అని. భావంతో నాకు పేచీ లేదు. పేచీ మూడో పాదంతో. ఐదు ఉండవలసిన చోట ఆరు అక్షరాలు! పాదం మధ్యలో అచ్చు ఉంటే పూర్వులు ఒక అక్షరం అధికమైనా సహించారు. ఇక్కడ ఆ సాకు కూడా లేదు. ఇది చెక్కినవాడి పొరపాటే గనుక ఆ అక్షరాన్ని లెక్కించరాదు. నేను న్యాయంగా ముప్పై ఒక్కసార్లు కొట్టాను. కొన్ని వేలసార్లు కొట్టాను. తలుపు తెరుచుకోలేదు.

కొండ కొనన ఏముందో చూడకుండానే పోతానేమోనని నా బెంగ. దయచేసి పద్యం సరిదిద్దండి.

ఇట్లు,
కురమోచి సెయ్‌గన్

తా.క. ముప్పై ఏడేళ్ళు నాతో కాపురం చేసి పాత యంత్రం పోయిన శరత్తులో కన్నుమూసింది. మా బౌద్ధాచారం ప్రకారం నలభై తొమ్మిదో రోజున సూత్రపఠనం చేసి సాగనంపాను.


ఒసాకా,
ఫిబ్రవరి 20

పూజ్యులైన కురమోచి గురువుగారికి పాత ఆటల విభాగం నుంచి ఇనోకుమా చిహరు సవినయంగా నమస్కరించి వ్రాసుకుంటున్నాను.

ఇంకా చలి తగ్గలేదు. మీ ఆరోగ్యం కుశలమని తలుస్తాను. తమకు ముప్పై ఏడేళ్ళుగా కలిగిన అసౌకర్యానికి సంస్థ తరఫున తలవంచి క్షమాపణ కోరుతున్నాను.

అయితే ఒక చిక్కుంది. పాత ఆటను కొత్త యంత్రంలోకి తెచ్చేటప్పుడు పాత తప్పులను కూడా జాగ్రత్తగా తేవాలన్నది మా విభాగపు నియమం. తప్పులు లేకపోతే ఇది మా చిన్ననాటి ఆట కాదని జనం కోప్పడతారు. ఉదాహరణకు, ఆరో ద్వారం దగ్గర నక్క గోడలో ఇరుక్కుపోతుందని తమకు తెలుసు. కొత్త యంత్రంలో అది ఇరుక్కోవడం లేదు. దాన్ని మళ్ళీ ఇరికించడానికి ఇద్దరు ఇంజనీర్లు పది రోజులుగా శ్రమిస్తున్నారు.

పద్యం మార్చాలంటే రాసినవారి సమ్మతి ఉండాలి. రాసినవారెవరో మాకు తెలియదు. ఆ రోజుల్లో మంచి పనివాళ్ళను పోటీ సంస్థలు ఎగరేసుకుపోతాయన్న భయంతో ఆట చివర అసలు పేర్లు వేయనిచ్చేవారు కాదు. అందుకే ‘పన్నెండు ఘంటల కొండ’ను తయారుచేసింది నత్త, మూడో పిల్లి, నిద్రమొహం అని ఉంది. నత్తగారు కాలం చేశారు. మూడో పిల్లి గారు ఉత్తరాన హొక్కయిదో దీవిలో ఆవుల్ని పెంచుతున్నారు. నిద్రమొహం గారు మా డైరెక్టరు, తాను కాదంటారు. పద్యాలు రాసింది మాత్రం ‘ఎండిన ముల్లంగి’ అని ఉంది. ఆయన జాడ ఎక్కడా దొరకలేదు.

మార్చి 31లోగా సమ్మతి అందకపోతే, మార్చడం అలా ఉంచి, పన్నెండు పద్యాలనూ తీసేయాలని న్యాయ విభాగం ఆదేశించింది. వాటి స్థానంలో ‘ఘంటను 31 సార్లు కొట్టండి’ అన్న పలక పెడతాం.

భవదీయురాలు,
ఇనోకుమా చిహరు

తా.క. తమ సహధర్మచారిణి గారి మరణవార్తకు మా విభాగమంతా చింతిస్తున్నది. అగరుబత్తుల పెట్టె విడిగా పంపాం.


యొషినో,
ఫిబ్రవరి 27

చిరంజీవి ఇనోకుమా చిహరుకు ఆశీస్సులు.

ముందుగా ఒక సవరణ. పోయింది యంత్రం. నా భార్య తొకియె దివ్యంగా ఉంది. మీ పెట్టె గుమ్మంలో అందుకున్నదీ ఆమే, దాని మీది సంతాప పత్రం చదివిందీ ఆమే. “మంచి రకమేనండీ, మనం కొనేదానికంటే వాసన బాగుంది” అని ఒకటి వెలిగించి వంటింట్లోకి వెళ్ళింది.

ఇక విషయం. పద్యాలు తీసేస్తారా! అమ్మాయీ, నేను ఒక్క అక్షరం మీద ఫిర్యాదు చేస్తే మీరు మూడువందల డెబ్భై పైచిలుకు అక్షరాలను చంపేస్తామంటున్నారు. మొదటి పది పద్యాలూ చాలా మంచివి. నాలుగోదాన్లో వాన వెలిసిన గుడి మెట్ల వర్ణన ఉంది చూశారూ, అది నేను రాయవలసినది. ఆ ముల్లంగి ఎవరో నేనే వెతికి పట్టుకుంటాను. పద్యాలు నిలబెట్టించి, పదకొండోదాన్ని దిద్దించి పంపుతాను.

నా అనుమానం మా కవితా గోష్ఠిలోని షిబుకవ మీద. నలభై ఏళ్ళుగా నాతో పోటీపడుతున్నాడు. ఎండు ఖర్జూరంలాంటి మనిషి, ఎండిన ముల్లంగి అని పేరు పెట్టుకోగల సమర్థుడు. నిన్ననే ఎండబెట్టిన తునికిపళ్ళు పట్టుకుని వెళ్ళాను.

“ఏమయ్యా, ఆ కొండ ఆటలో పద్యాలు రాసింది నువ్వేనా? నిజం చెప్పు” అన్నాను.

“ఎలా ఉన్నాయేం?” అన్నాడు పండు కొరుకుతూ.

“పది బాగున్నాయి.”

“ఊరుకోండి స్వామీ, ఏదో అప్పట్లో సరదాకి... అవును, నేనే.”

“పదకొండోదాంట్లో అక్షరం ఎక్కువైంది.”

“అయితే నేను కాదు.”

అరగంట కూర్చుని నాలుగు రకాలుగా అడిగాను. పొగిడితే అవునంటాడు, తప్పు పడితే కాదంటాడు. వీడి సమ్మతి మీ న్యాయ విభాగానికి ఎంతవరకు పనికివస్తుందో తెలియజేయండి.

ఇట్లు,
సెయ్‌గన్

తా.క. ముల్లంగి అనేవాడికి ఛందస్సు వినే చెవి లేదని భోజనాల దగ్గర అన్నాను. తొకియె ఊరగాయ ముక్కలు కోస్తోంది. “ఎండితేనేగా ఏడాదంతా ఉండేది” అంది. ఆమె వంట సంగతి చెప్పింది, నేను కవిత్వం సంగతి చెబుతున్నాను. యాభై రెండేళ్ళ సంసారంలో మా సంభాషణ ఇలాగే సాగింది.


ఒసాకా,
మార్చి 18

పూజ్యులైన గురువుగారికి ఇనోకుమా చిహరు నమస్కారాలు.

తమ సతీమణి గారికి పంపిన సంతాపాన్ని ఉపసంహరించుకుంటున్నాం. అగరుబత్తులు ఉంచుకోవచ్చని డైరెక్టరుగారు అన్నారు.

షిబుకవ గారికి సమ్మతి పత్రం పంపాం. ‘పదకొండవది మినహా’ అని రాసి ముద్ర వేసి పంపించారు. న్యాయ విభాగంవారు దాన్ని ఏ ఫైలులో పెట్టాలో ఇంకా వెతుకుతున్నారు.

ఇప్పుడు అంతకంటే పెద్ద ఆపద వచ్చింది. తమ మొదటి ఉత్తరం అందగానే, ఇంతటి పండితులే రాశారు గదా అని, పదకొండో ద్వారానికి సరైన లెక్క 31 అని ఒక పత్రం తయారుచేసి ఏడుగురు అధికారుల ముద్రలు వేయించాం. దాని ప్రకారం కొత్త యంత్రంలో 31 సార్లు కొట్టాం. తలుపు తెరుచుకోలేదు. తమకు తెరుచుకోకపోవడం పాత యంత్రం ముసలితనం వల్లనేనని అనుకున్నాం; కొత్తదానిలోనూ తెరుచుకోకపోయేసరికి, ఆట తెచ్చేటప్పుడు మేమే ఎక్కడో చెడగొట్టామనుకుని ఇంజనీర్లు మూడు వారాలుగా కారణం వెతుకుతున్నారు. ఘంట మార్చారు, తలుపు మార్చారు, మంచు కూడా తగ్గించి చూశారు. ఈ ఆట తయారీ కాగితాలన్నీ ఆఫీసు మారినప్పుడు పోయాయి. పరీక్ష విభాగంలో ఒకామె 32 కొట్టి చూద్దామా అన్నారు. కానీ గురువుగారు ఆ అక్షరాన్ని లెక్కించరాదని స్పష్టంగా రాశారు, పైగా ఏడు ముద్రలున్నాయి. మర్యాద కాదని మానేశాం.

తలుపు తెరుచుకోకపోతే పద్యాలే కాదు, ఆటే విడుదల కాదు. 31వ తేదీ సమావేశంలో కొండను పూర్తిగా రద్దు చేస్తారట. ఈ కొండను ఇంతకాలం ఎక్కుతున్నవారు మాకు తెలిసి తమరొక్కరే. అందుకని పరీక్ష కోసం కొత్త యంత్రం ఒకటి పంపుతున్నాను. మా తప్పు ఎక్కడుందో తమరే చూసి చెప్పాలి.

పాత బీరువాలో ఎండిన ముల్లంగి గారు సంస్థకు రాసిన నూతన సంవత్సర కార్డు ఒకటి దొరికింది. చిరునామా లేదు, తపాలా ముద్ర మాత్రం యొషినోది. నకలు జతచేశాను. చేతిరాత చాలా అందంగా ఉంది.

భవదీయురాలు,
చిహరు

తా.క. మా రిసెప్షన్‌లో అమ్మాయి వాళ్ళమ్మ తొమ్మిదో ఏట ఈ ఆట ఆడారట. పదకొండో ద్వారం దగ్గర కష్టమేమైనా పడ్డారా అని అడిగిస్తే “ఏం కష్టం?” అన్నారట. పాపం, జ్ఞాపకం లేనట్లుంది.

మరొక తా.క. నక్క ఇరుక్కుంది. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.


యొషినో,
మార్చి 22

అమ్మాయి చిహరుకు కురమోచి తొకియె రాస్తున్నాను.

మీరు అగరుబత్తులు పంపిన మనిషినే. ఆయన మళ్ళీ షిబుకవ గారితో పోట్లాటకు వెళ్ళినప్పుడు నీ ఉత్తరం వచ్చింది, నేనే విప్పాను. అందులో నా చేతిరాత కనిపించింది.

అవునమ్మా, ఎండిన ముల్లంగిని నేనే.

అప్పట్లో గురువారం గురువారం ఒసాకా వెళ్ళి చేతిరాత నేర్పేదాన్ని. మీ సంస్థలో నత్తగారని చెప్పావే, ఆయన నా దగ్గర నేర్చుకునేవాడు. “టీచర్‌గారూ, ఒక కొండ ఉంది, దానికి పన్నెండు పద్యాలు కావాలి” అన్నాడు. రాసిచ్చాను. అసలు పేరు వేయకూడదు, ఏదైనా మారుపేరు చెప్పమన్నాడు. దానికి రెండు నెలల ముందే గోష్ఠిలో నేను మొదటిసారి పద్యం చదివితే ఈయన అందరి ముందూ “ఎండిన ముల్లంగిలా ఉంది, ఎక్కడా నీరు లేదు” అన్నారు. ఆయన మర్చిపోయారు. నాకా పేరు నచ్చింది.

చెబుదామనే అనుకున్నాను. ఈలోగా ఆయనే ఆ ఆట కొనుక్కొచ్చి, నాలుగో పద్యం దగ్గర కూర్చుని “ఎవడో గాని మహానుభావుడు” అన్నారు. అంత మంచిమాట విన్నాక ఎలా పాడుచేసుకోను? పదకొండోదాని దగ్గరికి వచ్చేసరికి తిట్టడం మొదలుపెట్టారు. అప్పుడింకా చెప్పబుద్ధి కాలేదు.

ఆ అక్షరం తప్పు కాదమ్మా. కావాలనే పెట్టాను. ఏడాది చివరి రోజున మా ఆలయంలో నూట ఎనిమిది సార్లు ఘంట కొడతాం. మంచులో మెట్లెక్కలేక ఆలస్యంగా వచ్చే ముసలివాళ్ళు ప్రతి ఏడూ ఉండేవాళ్ళు. అందరూ వెళ్ళిపోయాక వాళ్ళ చేత ఇంకొక్కటి కొట్టించేదాన్ని. వెనక వస్తున్నవాళ్ళకి ఒక మోత మిగలనీ అని పద్యంలో చెప్పనే చెప్పాను. పిల్లలు వేళ్ళు ముడిచి లెక్కపెట్టారు, ముప్పై రెండు వచ్చింది, ముప్పై రెండు కొట్టి వెళ్ళిపోయారు. వాళ్ళు వారంలో వదిలేశారని ఈయన రాశారు గదా, వారంలో కొండ కొన చేరారు. ఈయన ఒక్కరే అక్షరాలు లెక్కపెట్టారు గాని పద్యం చదవలేదు.

నిన్న సాయంత్రం ఆ కార్డు నకలు టీ పళ్ళెంలో పెట్టి ముందుంచాను. చాలాసేపు చూశారు.

“ఇది నీ రాతే.”

“అవునండీ.”

“పన్నెండూ?”

“పన్నెండూనండీ.”

“ముప్పై ఏడేళ్ళు నోరు విప్పలేదేం?”

“మీరు తిట్టడం పూర్తికానివ్వాలిగా.”

“ముల్లంగి... ఇదేం పేరు? ఇలాంటి మాట ఎవడన్నాడు నిన్ను?”

నేను ఆయన మొహంలోకే చూశాను. మెల్లగా జ్ఞాపకం వచ్చినట్లుంది. టీ చల్లారిపోయింది. లేచి, తన చేత్తో ఇంకో కప్పు కాచి తెచ్చి నాకిచ్చారు. యాభై రెండేళ్ళలో ఇది మొదటిసారి. చిక్కగా, చేదుగా ఉంది. బాగుందనే అన్నాను.

సమ్మతి పత్రం మీద ముద్ర వేసి పంపుతున్నాను. షరతు ఒక్కటే: ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. చివర పేరు ఎండిన ముల్లంగి అనే ఉండాలి. మీ ఏడుగురు అధికారులనూ ఇంకోసారి ముద్రలు వేయమని చెప్పు, ముప్పై రెండు అని.

ఇట్లు,
తొకియె

తా.క. కురమోచి సెయ్‌గన్ స్వహస్తంతో వ్రాయునది. మీ ఇంజనీర్లకు నా క్షమాపణ. కొత్త యంత్రంలో దోషమేమీ లేదు, దోషం మీకు అందిన ఉత్తరంలో ఉంది. ఈ ఉదయం పదకొండో ద్వారం ముందు ముప్పై ఒకటి కొట్టి ఆగాను. పక్కన కూర్చున్న మనిషి వైపు చూశాను. ఆమె అగరుబత్తి మారుస్తున్నట్లు నటిస్తోంది, వెలుగుతున్నది మీరు పంపినదే. ముప్పై రెండోది కొట్టాను. తలుపు తెరుచుకుంది. పన్నెండో ఘంట దగ్గరి పద్యం చదివాను, ఈసారి లెక్కపెట్టక ముందే చదివాను. కొండ కొనన ఏముందో చూశాను. చెప్పను.

ఇకముందు ఈ కొండ ఎక్కబోయే పిల్లలారా, మీ వేళ్ళు మీకు నిజం చెప్పుగాక. చదువు మీ చెవులకు అడ్డం రాకుండుగాక. ఏ యంత్రం ఆగిపోయినా ఈ మెట్లు ఇంకో యంత్రంలో మీకోసం మొలుచుగాక. మీకంటే వెనుక, మంచులో, నాలాగా నెమ్మదిగా వచ్చేవాడికి కూడా ఒక్క మోత ఎప్పుడూ మిగిలి ఉండుగాక.