మెమరీ స్పీడు

శనివారం రాత్రి, అల్లూరు

కాలు విరిగి మంచాన పడ్డప్పటి నుంచి ఈ గదే నా ఊరు. బయటి మనుషులంటే గేమ్‌లో నాతో కలిసి ఆడే నలుగురే. రేపు మా జట్టుకు పోటీ. ఆట తడబడకూడదని సాయంత్రం కంప్యూటర్ మెమరీ స్పీడు పెంచాను. ఇక అది లేవలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది.

లోపలి బ్యాటరీ తీసి పెడితే పాత సెట్టింగులు వస్తాయి. కానీ కంప్యూటర్ డబ్బా బల్ల కింద ఉంది, నేను వంగలేను. ప్రార్థన కూటం నుంచి వచ్చిన అమ్మ నేను చెప్పినట్టే ప్లగ్గు పీకి, డబ్బా మూత తీసి, మంచి చీరతోనే నేల మీద పడుకుంది.

"రూపాయి బిళ్ల మాదిరి ఉండాదే, ఇదేనా?"

"అదేమ్మా, మెల్లిగా తియ్యి."

"షాకు కొట్టదు కదరా?"

కాసేపాగి బ్యాటరీ మళ్లీ పెట్టి, ప్లగ్గు గుచ్చింది. తెర వెలిగింది. "దేవుడికి స్తోత్రం!" అని అమ్మ చప్పట్లు కొట్టింది.

అమ్మ వంటింట్లోకి వెళ్లాక, స్పీడు కొంచెమే పెంచి ఆడి చూశాను. మధ్యలోనే ఆగిపోయింది. తగ్గిస్తే ఆగదు గానీ, నా ఆటగాడు బురదలో నడిచినట్టు కదులుతాడు. జట్టు నడిపే శ్రీకర్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"అట్టయితే కష్టం అన్నా. రేపటికి వేరేవాణ్ణి చూసుకుంటాం," అన్నాడు.

సరేనన్నాను.

అమ్మ అన్నం తెచ్చి, "బాగైపోయింది కదా, రేపు ఆడతావా నాయనా?" అని అడిగింది.

"ఆడతానమ్మా."

"నేను చర్చి నుంచి బిన్నా, ఆట మొదలయ్యేలోపే వచ్చేస్తా. పక్కన కూర్చోని చూస్తా."

రేపు ఆమెకు ఏం చూపించాలో...