మీ నాన్న మంత్రిని పట్టుకున్నారు

చిన్నోడా,

నాన్న నిద్రపోతున్నారు, బ్యాగు చప్పుడు లేకుండా పెట్టు. లేచాక అన్నం మెత్తగా కలిపి పెట్టి, తెల్ల మాత్ర వెయ్యి. నాలుగింటికి టీవీ పెట్టడం మాత్రం మరిచిపోకు.

నిన్న నువ్వు ఊళ్లో లేనప్పుడు ఆ పాత డిటెక్టివ్ సీరియల్ చూస్తున్నాం. హత్యకు గురైన తన సెక్రటరీ సంతాప సభలో మంత్రి కళ్లు తుడుచుకుంటున్నాడు. "పాపం, ఎంత మంచి మనిషో" అన్నాను. పక్క కుర్చీలోంచి "దొంగేడుపు!" అని వినబడింది. పక్షవాతం వచ్చిన మూడు నెలల నుంచీ ఒక్క మాట పెగలని మీ నాన్న! నా చేతిలో గ్లాసు జారిపోయింది.

"ఏమన్నారూ?" అన్నాను. "వాడే... చంపాడు" అన్నారు, ఒక్కో అక్షరం కూడదీసుకుని. నేను కావాలనే "కాదు, డ్రైవరు" అన్నాను. కోపం వచ్చేసింది. "నీ మొహం! మంత్రి!" అన్నారు. ఇరవయ్యేడేళ్ల కాపురంలో ఆ తిట్టు ఇంత తియ్యగా ఎప్పుడూ లేదురా. చివరికి ఇన్‌స్పెక్టరు బేడీలు వేసింది మంత్రికే. ఆయన నవ్వు నువ్వు చూడాల్సింది!

నేను ఎంత బతిమాలినా పలకని మనిషి, ఒక హంతకుడి కోసం నోరు విప్పారు. ఉక్రోషంగానే ఉంది. అయినా నిన్నటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

ఇవాళ కొత్త కేసు. ఆయన ఎవరిని అనుమానించినా ఒప్పుకోకు, గట్టిగా వాదించు. షాపు కట్టేసి ఏడింటికల్లా వస్తాను.

అమ్మ

మీ అక్కకి నేనేమీ చెప్పలేదు. ఫోన్ కలిపి నాన్న చేతికివ్వు.