గవాచి మింద బండ

డిసెంబరు 3, బుధవారం

పక్కింటి రూపశ్రీకి ఆడబిడ్డ పుట్టింది. నిన్న ఆస్పత్రి నుంచి పుట్టింటికి తెచ్చినారు. నన్ను పిలవలేదు. పిలవరు. పురిట్లో కూతుర్ని పోగొట్టుకున్నదాన్ని పురిటింట్లోకి ఎవురు రానిస్తారు? రూపశ్రీ వాళ్ళమ్మ చంద్రకాంతమ్మ గోడ మింద నుంచి చక్కెర పొట్లం ఇచ్చింది. ఏమనుకోవద్దు వదినా, పేరు పెట్టినాక వద్దువుగానిలే అనింది. నేనేమనుకుంటా. చక్కెర నోట్లో ఏసుకున్నా.

చెప్పుకునేదానికి మనిషి లేదు. అందుకే ఈ రాసేది.

డిసెంబరు 6, శనివారం

బొగ్గులు రాజేసిన వాసన. వాళ్ళింటి నుంచే.

డిసెంబరు 7, ఆదివారం

తుపాను ముసురు. చంద్రగిరి కోట కొండ కనబడనే లేదు.

పోయినేడు ఇట్లాంటి ముసురే. మా ప్రసన్నకి రెండో కాన్పు. శ్రీకాళహస్తి పక్కన, వాళ్ళ అత్తగారింట్లో. బాలింతకి గాలి తగలకూడదని తలుపు మూసి, కిటికీకి పాత చీర కుక్కి, మంచం కింద కుంపటి పెట్టినారు. తలుపు తీసేసరికి తల్లీ బిడ్డా నిద్దర్లోనే పోయినారు. ఒంటి మింద ఒక బొబ్బ లేదు. డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకోని చెప్పింది. మూసిన గదిలో బొగ్గులు కాలితే ఒక గ్యాస్ వస్తాదమ్మా, దానికి వాసనుండదు, రంగుండదు, మత్తులో ప్రాణం తీసేస్తాది అని. వియ్యపురాలు మాత్రం గాలి సోకిందని గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. ఊరంతా ఆమె మాటే నమ్మినారు. డాక్టరమ్మ మాట నమ్మింది నేనొక్కదాన్నే.

డిసెంబరు 8, సోమవారం

గోడ కాడ నిలబడి చెప్పినా. వదినా, బాలింత గదిలో కుంపటి వద్దు, పెట్టాలంటే తలుపన్నా తీసిపెట్టు అని. చంద్రకాంతమ్మ నవ్వింది. మా యమ్మ నన్ను కనినప్పుడు కుంపటి పక్కనే పండుకునింది, నేను సచ్చినానా చూడు, గుండ్రాయి మాదిరి ఉండా అనింది. అప్పుడు పొగ పోయేదానికి మిద్దెలో గవాచి తెరిచి ఉండె గదా వదినా అన్నా. నీ నోట్లో మంచి మాట రాదా, పురిటిల్లు ఇది అని లోపలికి పోయింది.

ఆశా వర్కరు జ్ఞానాంబకి ఫోన్ చేసినా. పాపం వానలోనే వచ్చి చెప్పింది. సరే మేడం, సరే మేడం అన్నారంట. ఆమె స్కూటీ సందు తిరిగిందో లేదో, మళ్ళా బొగ్గులకి విసనకర్ర విసిరే చప్పుడు.

డిసెంబరు 10, బుధవారం

నా నీళ్ళ పొయ్యి పొగంతా ఇంట్లోకే కొడతా ఉండాది. గొట్టానికి మసి పట్టింది. పొయ్యి సల్లారినాక మిద్దెక్కి, వెదురుకి గోనెపట్ట కట్టి గొట్టంలోకి తోసినా. మసి పెళ్లలు పెళ్లలుగా పడింది. గొట్టంలో ఇంత మసి పెట్టుకోని పొయ్యిని తిట్టినా నేను.

వాళ్ళదీ మాదీ ఒకే గోడ మింద మట్టి మిద్దెలు. చేతి మసి తుడుచుకుంటా అటు చూసినా. వెలుతురుకీ పొగకీ మిద్దెలో పెద్దోళ్ళు పెట్టిన బొక్క గదా గవాచి, అనుకున్నట్టే రూపశ్రీ గది గవాచి మింద బండ పెట్టేసినారు. వాన కారకుండా సందుల్లో మట్టి గూడా మెత్తినారు.

డిసెంబరు 11, గురువారం



పొద్దున బాలింత స్నానం అయింది. సాంబ్రాణి వేసినారు. కుంపటి లోపల పెట్టి తలుపు దగ్గరికేసినారు. బిడ్డ కొంచేపు ఏడ్చింది. తర్వాత లేదు. నేను నడిమి గోడకి చెవి ఆనించుకోని ఉండా. బిడ్డన్నాక ఆకలికన్నా ఏడవాల గదా. ఏడవలా.

గడ్డపార తీసుకోని మిద్దెక్కినా. బండ లేపి పక్కకి తోసినా. వేడి మొగానికి కొట్టింది. తొంగి చూస్తే రూపశ్రీ నోరు తెరుచుకోని పండుకోనుండాది. అమ్మణ్ణీ అని పిలిచినా. పలకలా. ప్రసన్నా అని అరిచినా. ఆ పేరే వచ్చింది నోటికి.

చంద్రకాంతమ్మ మొగుడు చెంగల్రాయుడు ఉరికొచ్చినాడు. ఇద్దర్నీ ఎత్తుకోని వాకిట్లోకి తెచ్చినాడు. రూపశ్రీ కక్కుకునింది, తల పగిలిపోతా ఉండాది అనింది. బిడ్డ కెవ్వుమనింది. 108 వచ్చింది. ఆక్సిజన్ పెట్టి తిరుపతికి తీసకపోయినారు.

పోతా పోతా చంద్రకాంతమ్మ తలెత్తి నన్ను చూసింది. బొక్కలో నుంచి నా కూతురు మింద నీ చూపు ఏసినావు గదే, చూస్తానే పడిపోయింది గదే అనింది. వీధంతా వినినారు. పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

డిసెంబరు 14, ఆదివారం

తల్లీ బిడ్డా బాగుండారు. ఇంటికి తెచ్చినారు. మిరపకాయలూ ఉప్పూ దిగదీసి వాకిట్లో కుంపటిలో వేసినారు. నా పేరు తీసి ఉమ్మినారు. ఘాటుకి వీధంతా దగ్గినారు, నేనూ దగ్గినా.

పోనీ. కుంపటి వాకిట్లో ఉండాది గదా.

మధ్యాన్నం మిద్దె మింద బండ ఈడ్చిన చప్పుడు. మళ్ళా మూసినారు. నేనెక్కితే కాళ్ళు ఇరగ్గొడతాదంట చంద్రకాంతమ్మ.

డిసెంబరు 16, మంగళవారం

మళ్ళా ముసురు. కుంపటి వాకిట్లో కనబడలా.

డిసెంబరు 17, బుధవారం

చెంగల్రాయుడు గవాచి మింది బండ మోసుకొచ్చి మా వాకిట్లో దించినాడు. రూపశ్రీ తీసెయ్యమనిందంట. మా యింటిది అడిగితే నాకేమీ తెలీదని చెప్పక్కా అని, నా మొగం చూడకుండా పోయినాడు.

దాని మింద కూర్చోని రాస్తా ఉండా. గవాచిలో నుంచి బిడ్డ ఏడుపు. ఏడవనీ.