ఇద్దత్‌లో అడుగులు

ఆగస్టు 14, గురువారం

ఈ డైరీ 2021ది. ఎరువుల కంపెనీవాళ్ళు ఆయనకిచ్చారు. ఒక్క పేజీ కూడా రాయలేదు. ఆయనకు రాయడమంటే బద్ధకం. అచ్చు తేదీలు కొట్టేసి నేను రాస్తున్నా.

ఆయనంటే అబ్రార్. మా ఆయన. మార్కాపురంలో బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. పదకొండు రోజుల కిందట షాపులో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. గుండె. షుగర్ వచ్చిందని, రోజూ నడవాలని, బస్టాండ్ దగ్గర స్మార్ట్ వాచ్ కొనుక్కున్నాడు. ఆ రోజు అది ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది.

మూడో రోజు నేను కళ్ళు తిరిగి పడ్డాను. మా అమ్మాయి రిజ్వానా నంద్యాలలో నర్సింగ్ మూడో సంవత్సరం. తిరిగి హాస్టల్‌కు పోతూ ఆ వాచ్ నా చేతికి కట్టింది. నీ హార్ట్ రేట్ నాకు అక్కడికే కనిపిస్తాది, తీయొద్దమ్మా అంది.

ఇద్దత్‌లో ఉన్నాను. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, నగ పెట్టకూడదు. నా గాజులు తీసిన ఆడవాళ్ళు వాచ్ దగ్గర ఆగిపోయారు. ఇది నగా, మందా అని పెద్ద చర్చ. చివరికి మా అత్తమ్మ జహరాబీ తేల్చింది. నగ గాదు, బీపీ మిషను, ఉండనీండి అని.

నేను ఏడవలేదు. ఇంకా.

ఆగస్టు 17

గంటకోసారి మణికట్టు మీద వణుకుతుంది. టైమ్ టు మూవ్ అంటుంది. లేచి నడవాలట.

ఎక్కడికి నడవమంటావే పిచ్చిదానా!

ఆగస్టు 22

నిద్ర ఎనిమిది గంటల పది నిమిషాలు, ఎక్సలెంట్ అని చూపించింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాను. కదలకుండా పడుకుంటే నిద్రే అనుకుంటుంది. రిజ్వానా అది చూసి సంతోషించింది. నేనూ సరే అన్నాను.

పట్టీ కింద దద్దుర్లు. కొబ్బరినూనె రాశా.

ఆగస్టు 29

స్నానానికి వాచ్ తీశాను. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాను. నంద్యాలలో రిజ్వానాకు నా గుండె కనిపించలేదు. నాకు ఫోన్ చేసింది. నా ఫోన్ వంటింట్లో, సైలెంట్‌లో. వాళ్ళ పెదనాన్నకు చేసింది. షరీఫ్ బావ దుకాణం వదిలేసి బండి మీద వచ్చేశాడు. చెప్పుల దుకాణం ఆయనది. కాళ్ళకు చెప్పుల్లేవు.

నవ్వు రావలసింది. రాలేదు.

అమ్మా, బతికే ఉందా అని వరండాలోంచి కేకేశాడు. అత్తమ్మ వచ్చి పరదా ఎత్తి చూసి ఉంది అని చెప్పింది.

ఇక నుంచి వాచ్ తీసినా పది నిమిషాలే.

సెప్టెంబర్ 11

నలభయ్యో రోజు. ఇల్లంతా జనం. ఫాతెహా చదివారు. పెద్ద డేగిసాలో పులావ్ వండారు. ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు. వాళ్ళ కన్నీళ్ళతో నా భుజం తడిసింది. నేను వాళ్ళ వీపు నిమిరాను. ఎవరు ఎవరిని ఓదార్చారో తెలియదు.

ఆయన ఫోన్ అత్తమ్మ దగ్గరే ఉంటుంది. అందులో కొడుకు వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వింటుంది. వాచ్ ఆ ఫోన్‌కే కనెక్ట్ అయి ఉంది. బావ రోజూ సాయంత్రం వచ్చి, మోటార్లు ఇచ్చినవాళ్ళ కాల్స్ చూసి, తమ్ముడు లేడని వాళ్ళకు చెబుతాడు. ఇవాళ జనం పోయాక నా గ్రాఫ్ కూడా చూశాడు. అమ్మా, ఏంది ఇది, పొద్దున్నుంచి అరవయ్యారే ఉంది, ఒక్కసారి గూడా లేవలేదు, ఇంత మంది ఏడుస్తాంటే ఆమెకేమీ అనిపించలేదా అన్నాడు. మెల్లగానే అన్నాడు. పరదా పలచనిది.

నా ముఖం బావ చూడకూడదు. నా గుండె చూడొచ్చు.

అత్తమ్మ అరవయ్యారు అన్న మాట పట్టుకుంది. పడుకోబోతూ నా వైపు తిరిగి, వానికి పెండ్లయిన కొత్తల్లో జ్వరమొస్తే నువ్వు రెండు దినాలు తినలేదు గదా బేటీ అంది. గుర్తుంది అన్నాను.

సెప్టెంబర్ 24

పక్కింటి నాగవేణి పలకల ఫ్యాక్టరీ నుంచి చెక్క ఫ్రేములు తెచ్చి ఇంటింటికీ పంచుతుంది. ఉప్పు కాగితంతో గరుకు పోయేదాకా రుద్దాలి. అక్కా, ఊరికే గోడ చూస్తా కూసుంటే పిచ్చెక్కుతాది, చెయ్యన్నా ఆడించు అని రెండు వందల ఫ్రేములు పెట్టి పోయింది. అత్తమ్మ మధ్యాహ్నం పడుకున్నప్పుడు వెనక గదిలో చేస్తున్నా. పొడి ఎగిరితే ఆమెకు ఆయాసం.

బాగుంది. చెయ్యి తనంతట తాను పోతుంది, వస్తుంది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

సాయంత్రం ఫోన్ మోగింది. కంగ్రాచులేషన్స్, గోల్ కంప్లీటెడ్ అని. బావ చేతిలో ఉంది అప్పుడు. పదకొండు వేల రెండు వందల నలభై అడుగులు.

అమ్మా, గడపలోపల ఉన్న మనిషికి పదకొండు వేల అడుగులు యాడ పడినాయి, మన ఇల్లు ఈ గోడ నుంచి ఆ గోడకు ఇరవై అడుగులు గూడా లేదే అన్నాడు. నువ్వు పండుకున్నప్పుడు యాడికి పోతాంది అడుగు అన్నాడు.

అత్తమ్మ పరదా ఎత్తింది. యాడికి పోయినావు అని అడిగింది. యాడికీ పోలేదు అన్నాను. మరి ఇది అంది. నాకు తెలీదు అన్నాను.

నిజంగా తెలియదు. రుద్దేటప్పుడు వాచ్ చూసుకోను. ఒక క్షణం నాకే అనుమానం వచ్చింది, వెళ్ళానేమో అని. ఈ మధ్య వంట చేసి చేశానో లేదో మరిచిపోతున్నా. బురఖా తీసి చూసుకున్నా. అంచుకు దుమ్ము లేదు.

సెప్టెంబర్ 27

అత్తమ్మ తన టీ తానే పెట్టుకుంది.

అక్టోబర్ 3

పన్నెండు వేలు, తొమ్మిది వేల ఎనిమిది వందలు, పదమూడు వేలు. బావ రోజూ పైకి చదువుతున్నాడు. కోపంగా కాదు, భయంగా. మసీదు కాడ ఎవరన్నా అడిగితే నేనేం జెప్పాల అమ్మా అంటాడు. ఇద్దత్ అయిపోతానే కంభంలో వాళ్ళన్న ఇంటికి పంపిద్దాం, మనసు లేని మనిషిని కట్టేసి కూర్చోబెట్టలేం గదా అన్నాడు.

అత్తమ్మ వద్దు అంటుందని చూశాను. తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది.

ఇరవై రెండేళ్ళు ఆమె చేతికింద ఉన్నాను. ఆమె మోకాళ్ళకు నూనె రాసింది నేనే. నన్ను పంపకుండా ఒక్క మాటతో ఆపి ఉండొచ్చు. బాధపడాలి అనుకున్నాను. వాచ్ చూశాను. అరవై ఏడు.

అక్టోబర్ 12

ఏమీ లేదు.

అక్టోబర్ 29

తుఫాను. రెండు రోజులుగా ఒకటే వాన. పొద్దున్నుంచి కరెంటు లేదు. నాగవేణి గొడుగేసుకుని పరుగున వచ్చింది. అక్కా, రేపు లోడు పోవాల, నూరు ఫ్రేములు మిగిలినాయి, ఎట్లనన్నా చేసి పెట్టు అంది. నా మణికట్టు పుండు పడింది. ఇవాళ ఆ చేత్తో రుద్దలేనన్నాను.

అత్తమ్మ ముసుగు ముక్కుకు అడ్డం కట్టుకుని వచ్చి కూర్చుంది. నా చేతి పుండు చూసి, వాచ్ తీసి, తన కుడి చేతికి కట్టుకుంది. లేకపోతే ఆ పిల్ల భయపడతాది అంది. కొడుకు వాచ్ కదా, ఒకసారి ముద్దు కూడా పెట్టుకుంది. నేను చూడలేదనుకుంది. ఇద్దరం ఫ్రేములు ముందేసుకున్నాం. ఆమె కుడి చేత్తో రుద్దింది, నేను ఎడమ చేత్తో. గంటన్నర.

టైమెంతయింది చూడు అంది. చూశాను. టైము కింద అడుగులు ఉన్నాయి. మూడు వేల నూట ఆరు.

చదివి వినిపించాను. మళ్ళీ చదువు అంది. మళ్ళీ చదివాను. ఫ్రేము తీసుకుని పదిసార్లు రుద్దింది. మూడు వేల నూట పదహారు.

యా అల్లా, ఈ మోకాళ్ళతో వాకిలి దాటి రెండేండ్లాయె, కూసున్న కాడనే మూడు వేల అడుగులు నడిచినానా అని నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. నవ్వి నవ్వి దగ్గింది. దగ్గి దగ్గి ఏడ్చింది. నా చేతులు రెండూ పట్టుకుని, ఈ లత్కోరు గడియారం మాట నమ్మి నీ మాట నమ్మలేదు గదే, నా నోరు పడిపోను అంది. ఊరుకో అత్తమ్మా అన్నాను. నా చేతులు ఆమె చేతుల్లో రెండు చెక్కముక్కల్లా ఉన్నాయి.

అక్టోబర్ 30

బావ రాగానే అత్తమ్మ ఆయన చేతికి వాచ్ కట్టి, ఫ్రేము ఇచ్చి రుద్దమంది. రుద్దాడు. చూశాడు. పరదా వైపు తిరిగి, తప్పయిపోయిందమ్మా, మనసులో పెట్టుకోవాకు అన్నాడు. మొదటిసారి నేరుగా నాతోనే అన్నాడు. కంభం మాట ఇంకెత్తను అన్నాడు.

పోతూ పోతూ, అడుగులే తప్పు చూపించినాక గుండె మాత్రం సరిగ్గా చూపిస్తాదా, అదీ తప్పే అయ్యుంటాది అన్నాడు. ఓదార్పుగా అన్నాడు. పాపం మంచివాడు.

గుండె తప్పు చూపించలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అత్తమ్మకు కూడా తెలుసు, ఆమె తల వంచుకుంది.

నవంబర్ 18

అత్తమ్మ నా తలకు నూనె పెడుతూ అడిగింది. నీకు ఏడుపు ఎందుకు రావడంలేదు బేటీ అని. ఈసారి నింద కాదు. భయపడింది. లోపల గడ్డ కడతాది, మా చిన్నమ్మ అట్లనే పోయింది అంది.

ఆయన చనిపోయినట్టు నాకు ఎక్కడా కనిపించలేదు అత్తమ్మా అన్నాను. స్నానం చేయించి ముఖం చూపించారు, నిద్రపోతున్నట్టు ఉన్నాడు, తీసుకుపోయారు. అంతే. ఇప్పటికీ షాపులోనే ఉన్నాడనిపిస్తుంది. నేను ఇంట్లో ఉన్నాను, ఆయన షాపులో ఉన్నాడు. ఎప్పుడూ ఉన్నట్టే.

చాలాసేపు జడ అల్లింది. తర్వాత, పోయి చూసి రా అంది.

ఎక్కడికి అన్నాను. వాని కాడికి అంది.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు పోరు. అందులోనూ ఇద్దత్‌లో! ఆ మాట అత్తమ్మ నోటినుంచి వింటానని అనుకోలేదు. గురువారం దినం పదిన్నరకు షరీఫు దుకాణంలో ఉంటాడు, నాగవేణిని తోడు దీస్కపో, గోడ బయటనుంచే చూడు, అల్లాకు నేను జవాబు జెప్పుకుంటా అంది.

మరి వాచ్ అన్నాను. పెట్టుకుపోతే పోయిన దారి అంతా ఫోన్‌లో వస్తుంది. తీసి పెడితే పది నిమిషాల్లో రిజ్వానా ఫోన్, బావ బండి.

ఇటీ అని చెయ్యి చాపింది అత్తమ్మ. దానికి కావలసింది ఒక గుండె గదా, నాది లేదా అంది.

నవంబర్ 20, గురువారం. మధ్యాహ్నం రెండు

వెళ్ళొచ్చాను.

ఎండ కళ్ళల్లో గుచ్చుకుంది. నూట పది రోజులయింది రోడ్డు చూసి. ఖబరస్తాన్ గోడ నడుము ఎత్తే ఉంది. నాగవేణి చూపించింది, అదిగో అక్కా, కొత్త మట్టిది అని. రాయి ఇంకా చేయించలేదు. సంవత్సరీకానికి చేయిస్తారట. తల వైపు ఒక పలక గుచ్చారు. ఫ్యాక్టరీలో ఫ్రేము వేయని నల్ల పలక. దానిమీద బలపంతో పేరు. బావ చేతిరాత. వానకు కొంత కొట్టుకుపోయింది. అబ్రా అని ఉంది. చివరి అక్షరం లేదు.

రాద్దామనుకున్నాను. గోడ మీదుగా వంగితే చెయ్యి అందేలా ఉంది. బురఖా జేబు వెతికాను. నాగవేణిని అడిగాను, బలపం ఉందా అని. లేదక్కా అంది. ఇరవై రెండేళ్ళు పలకల ఊళ్ళో కాపురం చేశాను, ఇంట్లో రెండు వందల ఫ్రేములున్నాయి, నా దగ్గర వేలెడు బలపం ముక్క లేదు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క అక్షరం కదా! పూర్తిగా పేరు కూడా లేకుండా పడుకోబెట్టారు కదా మనిషిని అని అరిచాను. అరుస్తూనే ఉన్నాను. నాగవేణి నా నోరు మూసింది. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. ముసుగు తడిసి ముఖానికి అంటుకుపోయింది. ఊపిరాడక దాన్ని పైకెత్తాను. ఎవరు చూసినా చూడనీ అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉంది. నా ముఖం చూసింది. ఒకటే అడిగింది, వాని పేరు రాసినారా అని.

రాశారు అత్తమ్మా, చక్కగా ఉంది అన్నాను.

నవంబర్ 20. సాయంత్రం

బావ వచ్చి ఫోన్ చూశాడు. అమ్మా, పదకొండు గంటలకు నూట ఇరవై నాలుగుకు పోయింది, పాపం ఇన్నాళ్ళకు ఆమె గుండె కదిలింది అని కళ్ళు తుడుచుకున్నాడు.

అది అత్తమ్మది. కుర్చీలోంచి లేవకుండా.

నాది ఎంతకు పోయిందో ఎక్కడా లేదు.